గ్రూప్-1 ప్రిపరేషన్: ఉద్యోగం రాకపోయినా చదివింది వృథా కాదా?

చిక్కడపల్లి_బెంచి: మొన్న ఒక కోచింగ్ సెంటర్‌లో ఓపెన్ సెషన్. "రిజల్ట్ వదిలేయండి, ప్రాసెస్‌ని ప్రేమించండి" అన్నారు సారు. ముందు వరసల్లో చప్పట్లు, వెనక నవ్వులు. నాకు మాత్రం ఆ మాటే కరెక్ట్ అనిపించింది. 2022లో 503 పోస్టులతో తెలంగాణ తొలి గ్రూప్-1 పడింది. అక్టోబర్ 16న ప్రిలిమ్స్ రాశాం. పేపర్ లీకైందని 2023 మార్చిలో రద్దు. జూన్ 11న మళ్లీ రాస్తే బయోమెట్రిక్ తీసుకోలేదని సెప్టెంబర్‌లో రద్దు. 2024 ఫిబ్రవరిలో అసలు నోటిఫికేషనే ఎత్తేసి, 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. ఇంత చూశాక కూడా రిజల్ట్ పట్టుకుని వేలాడితే పిచ్చెక్కుతుంది. రోజూ సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లి ఒక ఆన్సర్ పద్ధతిగా రాయడాన్ని మాత్రం ఎవరూ రద్దు చేయలేరు. మీరేమంటారు?

నల్గొండోడు: సూపర్ అన్నా. సేవ్ చేసుకున్నా.

రూల్ పొజిషన్: చిన్న సవరణ. మొదటిసారి రద్దు చేసింది పరీక్ష పెట్టిన పబ్లిక్ సర్వీస్ కమిషన్, రెండోసారి హైకోర్టు. రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

చిక్కడపల్లి_బెంచి: ఎవరు చేస్తే ఏంటండీ, మళ్లీ రాసింది మేమేగా.

రూల్ పొజిషన్: తేడా ఉంది. సింగిల్ జడ్జి తీర్పును డివిజన్ బెంచ్ కూడా సమర్థించింది. కమిషన్ సుప్రీంకోర్టుకు వెళ్లి, 2024లో అప్పీలు వెనక్కి తీసుకుంది. తెలియకుండా రాయడం ఎందుకు?

గచ్చిబౌలి_షిఫ్ట్: నేనూ హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్‌లో ఉండి వచ్చినవాణ్నే. బయటికొచ్చి ఇంటర్వ్యూలకు పోతే పాలిటీ గురించి ఒక్కడూ అడగలేదు. "ఈ గ్యాప్ ఏంటి?" అనే ప్రశ్న మాత్రం ప్రతిచోటా ఎదురైంది. ఆర్టికల్ 356 (రాష్ట్రపతి పాలన) మీద గంట మాట్లాడగలను. హెచ్‌ఆర్‌కి అది కాదుగా కావాల్సింది.

ఎకానమీ_సార్: అలా అనకండి. నాకు సర్వీస్ రాలేదు. కానీ ఆ చదువుతోనే ఇప్పుడు పాఠం చెప్పి ఇల్లు నడుపుతున్నాను. ఇస్రోను చూడండి. 2019లో చంద్రయాన్-2 ల్యాండర్ కూలింది. పద్ధతిని వదలకుండా తప్పులు సరిచేసుకున్నారు, 2023 ఆగస్టు 23న దిగి చూపించారు.

పెద్దక్క_వరంగల్: ల్యాండర్ కూలిన నెల కూడా ఇస్రో వాళ్లకు జీతం పడింది సార్. అశోక్‌నగర్ పిల్లలకు ఎవరిస్తున్నారు? పైగా ప్రాసెస్‌ని ప్రేమించమని చెప్పే మీకు దాని మీదే ఫీజు వస్తుంది.

ఎకానమీ_సార్: ఇది వ్యక్తిగత దాడి.

పెద్దక్క_వరంగల్: అనుకోండి. నేను ప్రైవేట్ స్కూల్లో టీచర్ని. మా తమ్ముడు అక్కడే హాస్టల్లో ఉండి చదువుతున్నాడు. ప్రతి నెలా నేను పంపుతాను. నా గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. నేనూ డీఎస్సీ రాద్దామనుకున్నా, ఇద్దరం చదివితే పంపేవాళ్లెవరని మానేశాను. "రిజల్ట్ ముఖ్యం కాదక్కా" అంటాడు వాడు. ముఖ్యం కానిది వాడికి. నాకు ముఖ్యమే.

చిక్కడపల్లి_బెంచి: అక్కా, మీ తమ్ముడి మీద కోపం నా మీద చూపించకండి. నేను 5 రూపాయల భోజనం తిని చదువుతున్నా. జల్సాలు చేయట్లేదు.

పెద్దక్క_వరంగల్: జల్సా అని నేననలేదే. బెడ్ కిరాయి ఎవరు కడుతున్నారు?

చిక్కడపల్లి_బెంచి: అది మీకెందుకు?

నల్గొండోడు: అన్నా, అక్కా, కొంచెం తగ్గండి.

చిక్కడపల్లి_బెంచి: తగ్గేదేముంది? 2024లో సర్కారే వయసు 46 దాకా పెంచింది. నాకింకా టైముంది.

పెద్దక్క_వరంగల్: ఇంట్లోవాళ్ల ఓపిక కూడా సర్కారే పెంచిందా?

రూల్ పొజిషన్: 46 అనేది జనరల్‌కు. రిజర్వేషన్ ఉన్నవాళ్లకు సడలింపు వేరే.

గచ్చిబౌలి_షిఫ్ట్: మీరొకరు!

చిక్కడపల్లి_బెంచి: సరే, అడిగారు కాబట్టి చెప్తున్నా. మా నాన్న కడుతున్నాడు. కౌలు డబ్బుల్లోంచి. ఊరికి పోతే "పోస్టింగ్ ఎక్కడ?" అని అడుగుతారు, అందుకే పండక్కి కూడా పోవట్లేదు. రిజల్ట్ గురించి ఆలోచిస్తే పుస్తకం ముందు కూర్చోలేను. ప్రాసెస్ అనుకుంటేనే పొద్దున లేవగలుగుతున్నా. అది కూడా లాక్కుంటే ఏం మిగిలింది నాకు?

పెద్దక్క_వరంగల్: ఈ మాట ముందే చెప్పి ఉంటే నేనిన్ని మాటలు అనేదాన్ని కాదు. శ్రద్ధగా చదవడం తప్పని నేనెప్పుడూ అనలేదు తమ్ముడూ. ఎప్పుడు ఆపాలో మీరొక్కరే డిసైడ్ చేయడం తప్పంటున్నా. డబ్బులిచ్చేవాళ్లకు కూడా ఆ లెక్కలో మాట ఉండాలి. ఫలానా పరీక్ష దాకా చూస్తా, రాకపోతే వేరే పని వెతుక్కుంటా అని నాన్నకి చెప్పావా?

చిక్కడపల్లి_బెంచి: చెప్పలేదు. గడువు పెట్టుకుంటే నేను చదవలేనక్కా. ప్రతి పేజీ దగ్గరా అదే గుర్తొస్తుంది.

పెద్దక్క_వరంగల్: గడువు లేకపోతే నేను పంపలేను. మీ నాన్నగారి సంగతి నాకు తెలియదు. మా వాడికి మాత్రం ఈ నెల జీతం పడగానే చెప్పేస్తా.

గచ్చిబౌలి_షిఫ్ట్: చెప్పండి అక్కా, కానీ పరీక్ష ఎప్పుడుందో చూసుకుని చెప్పండి. నాకు మెయిన్స్‌కి వారం ముందు చెప్పారు మా ఇంట్లో.