ఇంటి షెడ్డుకు చిన్న బెంచ్ డ్రిల్: ఏది చూసి కొనాలి?

ప్రశ్న – పెరటి షెడ్డు

వరంగల్‌లో ఇంటి వెనుక షెడ్డులో టేకుతో పీటలు, అలమరలు చేసుకుంటూ, అప్పుడప్పుడు 6 మి.మీ. ఇనుప పట్టీలకు 10 మి.మీ. బోల్టు బెజ్జాలు వేసుకుంటాను. చేతి డ్రిల్లుతో బెజ్జం నిటారుగా రావడం లేదు. అందుకే బల్ల మీద నిలబెట్టే బెంచ్ డ్రిల్ చూస్తున్నాను. ఆన్‌లైన్‌లో దొరికే 350 వాట్ల, 13 మి.మీ. చక్ (బిట్టును బిగించే పట్టు) గల తేలిక యంత్రం తీసుకోవాలా, దాదాపు రెట్టింపు ధర పెట్టి పోత ఇనుముతో చేసిన అర హార్స్‌పవర్ మెషీన్ కొనాలా అన్నది తేలడం లేదు. ఇంట్లో ఉన్నది సింగిల్ ఫేజ్ కరెంటే.

జవాబు – లేత్ మిత్ర

వాట్ల సంగతి తరువాత. ముందు బెల్టు మూత లోపల అతికించిన పట్టికలో అన్నిటికన్నా తక్కువ వేగం ఎంతో చూడండి. మెత్తని ఉక్కులో హెచ్.ఎస్.ఎస్. (హై స్పీడ్ స్టీల్) బిట్టు అంచు నిమిషానికి సుమారు 25 మీటర్లు కదలాలని లెక్కవేస్తే 10 మి.మీ. బిట్టుకు 800 చుట్లు, 13 మి.మీ. బిట్టుకు 600 చుట్లు సరిపోతాయి. కనిష్ఠ వేగమే 1,400 అయితే 13 మి.మీ. చక్ ఉన్నా ఇనుము పనికి దానివల్ల ఒరిగేది లేదు, బిట్టు మొన నీలం తిరిగి మొద్దుబారుతుంది. అలమర తలుపుల హింజ్‌లకు వేసే 35 మి.మీ. గుంటకూ తక్కువ వేగమే కావాలి.

జవాబు – టేకు చెక్క

పై మాటతో ఏకీభవిస్తాను గానీ, నిటారుతనమే మీ సమస్య కాబట్టి నా దృష్టిలో అసలు పరీక్ష వేరే ఉంది. వీలైతే సికింద్రాబాద్ రాణిగంజ్‌లాంటి చోట దుకాణానికే వెళ్లి, స్పిండిల్‌ను (చక్‌ను తిప్పే ఇరుసును) పూర్తిగా కిందికి దించి, చక్‌ను పట్టుకుని పక్కలకు ఊపి చూడండి. చేతికి ఆట (వదులు) తెలిసిందంటే ఆ యంత్రం, ధర ఎంత తక్కువైనా, వద్దు. టేబుల్ ముందు అంచును గట్టిగా నొక్కినప్పుడు వంగినా అంతే. స్పిండిల్ దిగే లోతు 50 మి.మీ. మాత్రమే అయితే, మందపాటి పీట కాలికి బెజ్జం ఒక్క దెబ్బలో పడదు. పాత మెషీన్ చవకగా వస్తే మోటారు మీది పలక చదవండి, అందులో 415 వోల్టులని ఉంటే అది త్రీ ఫేజ్.

పెరటి షెడ్డు

తేలిక యంత్రం పట్టికలో కనిష్ఠ వేగం 1,100 అని ఉంది. బరువైనదాంట్లో 480. రెండోదే తీసుకుంటాను. పట్టీని చేత్తో పట్టుకుంటే చాలా, బిగించి పట్టే వైస్ కావాలా?

జవాబు – లేత్ మిత్ర

వైస్ తప్పనిసరి, బిట్టు అడుగు చీల్చుకుని బయటపడే క్షణంలోనే పట్టీని లాగేసుకుని తిప్పుతుంది. పట్టీ పొడవుగా ఉంటే దాని రెండో కొసను యంత్రం వెనుక స్తంభానికి ఎడమ పక్కన ఆనించండి, జారినా స్తంభానికే కొట్టుకుని ఆగుతుంది. చేతికి గ్లౌజులు మాత్రం వేసుకోకండి, అవి బిట్టుకు చుట్టుకుంటాయి.