అప్‌డేట్: మారుతి జిమ్నీకి 235 టైర్లు వద్దనుకుని 215తో ఆగిపోయా

మైపాడు బీచ్ ఇసుకకీ ఉదయగిరి కొండ దారికీ కలిపి జిమ్నీకి 235/75 ఆర్15 టైర్లు (235 మిల్లీమీటర్ల వెడల్పు, పక్క గోడ ఎత్తు అందులో 75 శాతం, 15 అంగుళాల రిమ్) వేసేదా, వీల్స్ కూడా మార్చేదా అని అడిగున్నా. చెప్పిన అన్నలందరికీ థ్యాంక్స్. చివరికి కంపెనీ వీల్స్ మీదే 215/75 ఆర్15 ఆల్ టెర్రైన్ (తారు రోడ్డుకీ మట్టిదారికీ పనికొచ్చే) టైర్లు వేయించా.

లెక్క ఇదీ. కంపెనీ 195/80 ఆర్15 ఎత్తు 693 మిల్లీమీటర్లు. 215 అయితే 703, 235 అయితే 733. 235తో ఎత్తు 40 పెరిగినా యాక్సిల్ కింద నేలకి దొరికే ఖాళీ సగమే, 20. దానికోసం మీటర్ 100 చూపిస్తే బండి 106 మీద పోతుంటది, పికప్ కూడా చచ్చిపోద్ది. పైగా 235కి రిమ్ వెడల్పు కనీసం 6 అంగుళాలు కావాల, మనది 5.5. కొత్త వీల్స్‌కి పీసీడీ (బోల్టులెన్ని, అవి ఉండే వలయం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లు) 5×139.7 కుదిరితే చాలదు. ఆఫ్‌సెట్ (వీల్ మధ్య గీతకీ అది హబ్‌కి ఆనే చోటుకీ దూరం) మైనస్‌లోకి పోయేకొద్దీ టైరు బయటికొచ్చి, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు బంపర్ మూలకి రుద్దుద్ది.

స్టెప్నీ కూడా అదే సైజు ఉండాల. ఒక టైరు చిన్నదై ఫోర్ వీల్ వేస్తే ఆ తేడా అంతా ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక చక్రాలకి శక్తి పంచే గేర్ డబ్బా) మీద పడుద్ది. కాబట్టి ఖర్చు 5 టైర్లకి.

నిజానికి ఇసుకలో పని చేసేది సైజు కన్నా గాలి. 15-16 పీఎస్ఐకి దించి, స్టీరింగ్ మెల్లగా తిప్పాల. గట్టిగా కోస్తే టైరు అంచు రిమ్ నుంచి ఊడొస్తది. తారు రోడ్డు ఎక్కేముందే మళ్లీ నింపాల. ఉదయగిరి రాళ్లకి 20-22 చాలు.

వీల్ నట్లు ఇంపాక్ట్ గన్‌తో బిగించనీబాకండి. టార్క్ రెంచ్‌తో (బిగింపు కొలిచే పానా) ఎదురెదురుగా 100 న్యూటన్ మీటర్లు, 100 కిలోమీటర్ల తర్వాత ఇంకోసారి.