గ్లూటెన్ మానేసి 14 నెలలు, నీరసం మాత్రం వదలలేదు

నీలిమబ్బు:
సీలియాక్ (గోధుమలాంటి ధాన్యాల్లోని గ్లూటెన్ అనే ప్రొటీను తింటే ఒళ్లే తన చిన్నపేగును దెబ్బతీసుకునే జబ్బు) అని తేలి 14 నెలలైంది. అప్పటి నుంచి గోధుమ, బార్లీ, రై అనే ధాన్యం మా గడప తొక్కలేదు. ఈ జబ్బును పట్టిచ్చే టీటీజీ అనే రక్తపరీక్షలో మొదట్లో ఎక్కువున్న అంకె మొన్న మామూలు స్థాయికి వచ్చింది. అయినా సాయంత్రమయ్యేసరికి కాళ్లీడ్చుకుంటూ తిరుగుతున్నాను. ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెర్రిటిన్ 9 దాటడం లేదు, తల దువ్వితే దువ్వెన నిండా జుట్టు. పాలు తాగితే కడుపు ఉబ్బుతోంది. మళ్లీ ఎండోస్కోపీ చేయించుకోవాలా? కొత్తగా మొదలుపెట్టింది పొద్దున ఓట్స్ ఒక్కటే.

పాతకాపు:
ఐరన్ మాత్రల సంగతి నన్నడగండి. ఐరన్‌ను పీల్చుకునేది చిన్నపేగు మొదటి భాగం, సీలియాక్ దెబ్బ ముందుగా పడేదీ అక్కడే. ఆ ముక్క ఎవరూ చెప్పక తొమ్మిదేళ్లు చిల్లు కుండలో నీళ్లు పోసినట్టు మాత్రలు మింగాను. నరం ద్వారా ఎక్కించాకే ఆయాసపడకుండా మెట్లెక్కగలిగాను. ఎముకల సాంద్రత కూడా చూపించుకోండి. స్నానాల గదిలో జారితే నా మణికట్టు విరిగింది, అప్పటికి నాకు 41.

జల్లెడ:
ఓట్సా? దొంగ దొరికాడు. ఇంక ఏ పరీక్షా అక్కర్లేదు, ముందు ఆ డబ్బా అవతల పారేయండి.

సూక్ష్మదర్శిని:
తొందరపడకండి. 18 ఏళ్లుగా రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తున్నాను కాబట్టి చెబుతున్నాను. ఓట్స్‌లో ఉండేది అవెనిన్ అనే వేరే ప్రొటీను, అది చాలామందికి పడుతుంది. చిక్కంతా పక్క పొలం గోధుమతో, అదే లారీతో, అదే మరతో. గ్లూటెన్ రహితం అని రాసి ఉన్న ప్యాకెట్టులో పది లక్షల భాగాలకు 20 మించకూడదు. అలాంటిది కొనుక్కుంటే సరి.

జల్లెడ:
అలాంటిదే కొన్నానండి. మూడు రోజులు మంచం దిగలేదు. మీ ల్యాబులో గాజుగొట్టాలకు కడుపునొప్పి రాదు కదా! ‘చాలామందికి’ అన్నారంటే కొందరికి పడదని మీరే ఒప్పుకున్నట్టు.

సూక్ష్మదర్శిని:
కొందరికి పడదని నేను కాదనలేదు. మీ ఒక్కరి కడుపును అందరికీ కొలబద్ద చేయకండి అంటున్నాను. పైగా ఈవిడ టీటీజీ మామూలుగా ఉంది, అంటే ఓట్స్ నిర్దోషి.

రెండోసారి:
ఆ మాట తప్పు. టీటీజీ దిగినంత మాత్రాన పేగు మానిందని కాదు. నాకైతే అది ఎప్పుడూ పెరగనే లేదు. ఆ పరీక్ష వెతికేది ఐజీఏ రకం యాంటీబాడీని, నా ఒంట్లో ఐజీఏ అసలు తయారవదు. మొత్తం ఐజీఏ ఎంతుందో చూడకుండానే ‘మీకు సీలియాక్ లేదు’ అని పంపేశారు. నాలుగేళ్లు పోయాయి. 18 ఏళ్లుగా ల్యాబులో ఉన్నవారికి నేను చెప్పాల్సిన విషయమా ఇది?

సూక్ష్మదర్శిని:
నాకు తెలుసు. ఈవిడకు మొదట్లో పెరిగి తర్వాత తగ్గిందని ఆవిడే రాశారు, చదివారా? కోపం నా మీద కాదు, ఆ నాలుగేళ్ల మీద.

రెండోసారి:
అవును, ఆ నాలుగేళ్ల మీదే. మీకు తెలియదులెండి.

పాతకాపు:
నిపుణులంటే గుర్తొచ్చింది. 1924లో సిడ్నీ హాస్ అనే వైద్యుడు అరటిపండ్లు పెడితే ఈ జబ్బు పిల్లలు కోలుకోవడం చూసి, అరటిపండే మందన్నాడు. నిజానికి మేలు చేసింది రొట్టె మానడం! విల్లెం డికె అనే డచ్ వైద్యుడు గోధుమే కారణమని 1950లో తన సిద్ధాంత గ్రంథంలో రాసేదాకా అరటిపండ్లదే రాజ్యం.

మోచేయి:
అందరూ కడుపు గురించే మాట్లాడతారు. నా కడుపు గడియారంలా పనిచేస్తుంది. నాకు వచ్చింది మోచేతుల మీద, మోకాళ్ల మీద గుంపులుగా నీటి బొబ్బలు, రాత్రంతా గోకుడు. గజ్జి అనుకుని దుప్పట్లన్నీ ఉడకబెట్టాను. బొబ్బ నుంచి కాకుండా దాని పక్కనున్న మంచి చర్మం నుంచి ముక్క తీసి చూస్తే, ఇదీ సీలియాకే, చర్మం మీద బయటపడిందని తేలింది. డాప్సోన్ అనే మాత్ర వేసుకున్న రెండు రోజుల్లోనే దురద అణిగింది. అయితే అది పేగును బాగుచేయదు, కాబట్టి గ్లూటెన్ మానక తప్పలేదు.

ఇద్దరు పిల్లల తల్లి:
నాకు బయటపడగానే పిల్లలకూ గ్లూటెన్ ఆపేశాను. ఇప్పుడు పరీక్షకు వెళితే, గ్లూటెన్ తినకపోతే జబ్బు ఉన్నా పరీక్షలో కనబడకపోవచ్చు, కొన్ని వారాలపాటు రోజూ తినిపించి తీసుకురండి అంటున్నారు. ఎవరైనా అలా చేశారా?

సన్నగీత:
నీలిమబ్బు గారూ, థైరాయిడ్ చూపించుకున్నారా? సీలియాక్ వెంట అది తరచుగా వస్తుంది. నా జుట్టు, నా నీరసం రెండూ దాని పద్దులోనే తేలాయి. పాల సంగతి అంటారా, లాక్టోజ్‌ను అరిగించే ఎంజైము పేగు నూగు కొసల్లో ఉంటుంది. నూగు తిరిగి మొలిస్తే చాలావరకు అదీ వస్తుంది. నాకు ఏడాదిన్నర పట్టింది.

నీలిమబ్బు:
థైరాయిడ్ పరీక్షకు గురువారం వెళుతున్నాను. ఇంతకీ ఇక్కడి గొడవ చదివి ఓట్స్ ప్యాకెట్టు తిప్పి చూశాను, గ్లూటెన్ రహితం అని ఎక్కడా లేదు. తెల్ల పళ్లెంలో ఒక గుప్పెడు పరిచి వేలితో కదిపాను. పలచటి అటుకుల్లాంటి రేకుల మధ్య రెండు బొద్దు గింజలు. ఓట్స్ కావని మాత్రం చెప్పగలను. ఎండోస్కోపీ గురించి ఎవరూ చెప్పలేదు.

జల్లెడ:
చెప్పానా లేదా!

సూక్ష్మదర్శిని:
చెప్పింది నేను. అదే లారీ, అదే మర అని రాశాను, పైకి వెళ్లి చదవండి.

ఇద్దరు పిల్లల తల్లి:
నా ప్రశ్న కూడా ఎవరైనా చూస్తారా? పెద్దమ్మాయి అసలు తిననంటోంది.