రాజదండమా, రాజదండనా?

ప్రశ్న (విజయనగరం):
మాస్టార్లూ, చిన్న సందేహం. సిరిమాను పండగ అయిన వారానికి మా అమ్మాయి బడిలో నాటకం ఉంది. స్క్రిప్టులో ఒకచోట "మహారాజు రాజదండన చేతబట్టి సభలోకి వచ్చును" అని రాశారు. రాజు చేతిలోది రాజదండం కదా? మా మావయ్యగారేమో "గద అని రాసీమను, గొడవుండదు" అంటున్నారు. ఏది సరి?

జవాబు (బొబ్బిలి):
మీరన్నదే సరి అండి. రాజదండం వస్తువు, రాజదండన శిక్ష. దండన విధిస్తారు, అనుభవిస్తారు, చేత్తో పట్టుకోలేరు. "దొంగ రాజదండనకు గురయ్యాడు", "రాజు రాజదండాన్ని సింహాసనానికి ఆనించాడు" అని రాయాలి. తికమక ఎందుకంటే రెంటికీ మూలం ఒకటే. సంస్కృతంలో దండం అంటే కర్ర. కర్ర ఎవరి చేతిలో ఉంటే కొట్టే హక్కు వాళ్లది కాబట్టి శిక్షకీ ఆ పేరే వచ్చింది. సామ దాన భేద దండోపాయాల్లో నాలుగోది అదే. యముణ్ణి దండధరుడు అనేదీ అందుకే.

గద మాత్రం వద్దండి. అది మోదే ఆయుధం, భీముడి భుజానికి బాగుంటుంది.

జవాబు (పలాస):
2023 మే 28న కొత్త పార్లమెంటులో స్పీకరు కుర్చీ దగ్గర పెట్టిన సెంగోల్ కూడా రాజదండమే. తమిళంలో "సెం" అంటే తిన్ననైన, "కోల్" అంటే కర్ర. నిరంకుశ పాలనని వాళ్లు "కొడుంగోల్" అంటారు, అంటే వంకర కర్ర! ఆ కోల్ మనకి పరాయిదేం కాదు. ఎడ్లని పొడిచే ములుకోల, చర్నాకోల, కోలాటం అన్నీ దాని చుట్టాలే. అలాగని రాజుగారి చేతిలో "కోల" అని రాస్తే బండి తోలడానికొచ్చాడనుకుంటారు.

ప్రశ్న (విజయనగరం):
థాంక్సండి. రాజు ముందు "బహుపరాక్" అంటూ నడిచే కుర్రాడికీ ఒక కర్ర ఇచ్చారు. అదీ రాజదండమేనా?

జవాబు (బొబ్బిలి):
కాదండి. వాడు చోపుదారు, వాడిది వెండిపొన్ను కర్ర. రాజదండం రాజొక్కడికే. రెండు కర్రలూ ఒకేలా ఉంటే చూసేవాళ్లకి తేడా తెలీదు, రాజుదానికి పైన ఏదైనా బొమ్మ పెట్టండి. సెంగోల్ మీద నంది ఉంటుంది. అది ఐదడుగుల కర్ర, పిల్లాడికి నాలుగు చాలు.

ప్రశ్న (విజయనగరం):
స్క్రిప్టు దిద్దించాం. పాత కర్టెన్ రాడ్డుకి బంగారు కాగితం చుట్టాం, నంది దొరక్క పైన ప్లాస్టిక్ బంతి అంటించాం. ఇప్పుడు ఇంకో టెన్షన్. మంత్రి "దండం అందుకోండి ప్రభూ" అనగానే రాజు వేషం కుర్రాడు రెండు చేతులూ జోడించేస్తున్నాడు.

జవాబు (బొబ్బిలి):
వాడి తప్పేముంది పాపం! కర్ర పడ్డట్టు నేలమీద బోర్లా పడి మొక్కితే దండప్రణామం. మనం దాన్ని కుదించి దండం పెట్టడం అంటున్నాం. మంత్రి చేత "రాజదండం" అని నిండుగా అనిపించండి. అప్పటికీ జోడిస్తే కర్ర ముందే చేతిలో పెట్టేయండి.