పదిలో 500 దాటినా ఐటీఐ అంటున్న పిల్లలు: ఏ లెక్క చూసుకుంటున్నారు?

నల్లపాడు_బడి
మా హైస్కూల్లో పదో తరగతి పిల్లలకూ వాళ్ల అమ్మానాన్నలకూ పై చదువుల గురించి చెప్పాలి. 600కి 500 దాటినవాళ్లలోనూ కొందరు ఎంపీసీ వద్దు, ఐటీఐలోనో పాలిటెక్నిక్‌లోనో చేరతామంటున్నారు. ఇంట్లోవాళ్లు మాత్రం చదువు అబ్బని వాళ్లే అటు పోతారని పట్టుబడుతున్నారు. పిల్లలు అటు మొగ్గడానికి అసలు కారణాలేంటి? ఎక్కడ పొరపాటు పడుతున్నారు? విజయవాడ, గుంటూరు సంగతి తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

బెంచ్_వైస్
టీచర్ గారూ, మొదటిది ఏళ్ల లెక్క. ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగు, వెరసి ఆరేళ్లు. మధ్యలో ఆగిపోతే చేతిలో పనంటూ ఉండదు. పాలీసెట్ రాసి డిప్లొమాలో చేరితే మూడేళ్లు, ఆపైన ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్తే ఇంకో మూడేళ్లు. అదీ ఆరేళ్లే. కాకపోతే మూడో ఏడు చివర ఇంట్లో డబ్బు ఆడకపోతే డిప్లొమాతో ఉద్యోగంలో చేరొచ్చు. ఐటీఐలో ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ రెండేళ్లు, తర్వాత అప్రెంటిస్ ఒక ఏడాది అనుకోండి. పద్దెనిమిదేళ్లు నిండేసరికి రెండు సర్టిఫికెట్లు చేతికొస్తాయి, అప్రెంటిస్‌లో స్టైపెండ్ కూడా ఇస్తారు. కౌలు రైతు ఇంట్లో, ఆటో నడుపుకునే ఇంట్లో ఈ లెక్క పెద్దలకంటే ముందు పిల్లలే వేసుకుంటారు.

రెండోది రైల్వే. విజయవాడలో లోకో షెడ్లు, రాయనపాడులో వ్యాగన్ వర్క్‌షాప్ రోజూ కళ్లముందు కనిపించేవే. రైల్వే అప్రెంటిస్‌కు రాత పరీక్ష లేదు, పది మార్కులూ ఐటీఐ మార్కులూ చూసి మెరిట్ లిస్టు తీస్తారు. అంటే ఆ 500 మార్కులు ఇక్కడ వృథా పోవు. అప్రెంటిస్ పూర్తిచేసినవాళ్లకు లెవెల్-1 పోస్టుల్లో (రైల్వేలో అన్నిటికంటే కింది స్థాయి ఉద్యోగాలు) 20 శాతం కోటా ఉంది, అయితే నియామక పరీక్ష మాత్రం రాయాల్సిందే.

పొరపాటు ఎక్కువగా జరిగేది అసిస్టెంట్ లోకో పైలట్ దగ్గర. ఆ పోస్టుకు ఐటీఐలోని అన్ని ట్రేడులూ (అంటే నేర్చుకునే పని విభాగాలు) చెల్లవు. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, టర్నర్, మెషినిస్ట్, డీజిల్ మెకానిక్, ఏసీ మెకానిక్ చెల్లుతాయి. వెల్డర్, కోపా (కంప్యూటర్ ఆపరేటర్ కోర్సు) చెల్లవు. ఏడాదిలో అయిపోతుంది కదా అని వెల్డర్‌లో చేర్చి, తీరా నోటిఫికేషన్ పడ్డాక తల పట్టుకుంటారు. (వెల్డర్‌కు టెక్నీషియన్ పోస్టులు వేరే ఉన్నాయి, అదొక దారి.) ఇక కళ్లు. లోకో పైలట్లకు పెట్టే ఏ-1 వైద్య పరీక్షలో అద్దాలు లేకుండా రెండు కళ్లకూ 6/6 రావాలి, రంగుల తేడా స్పష్టంగా తెలియాలి. అద్దాలు పోవడానికి లేసిక్ అనే లేజర్ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లను తీసుకోరు. ఇప్పటికే అద్దాలున్న పిల్లాడికి లోకో పైలట్ ఆశ పెట్టి ట్రేడు ఎంపిక చేయించకండి. ఇషిహారా బొమ్మలతో రంగుల పరీక్ష కంటి డాక్టరు దగ్గర ఐదు నిమిషాల పని, పదిలో ఉండగానే చేయించమనండి.

అమ్మోనియా_ప్లాంట్
రైల్వే ఒక్కటే చూపిస్తే గుంటూరు పిల్లలకు సగం దారి కనబడదు. మిర్చి సీజన్లో యార్డుకొచ్చిన టిక్కీల్లో (మిర్చి బస్తాల్లో) అమ్ముడవనివీ, ధర కోసం ఆపుకున్నవీ కోల్డ్ స్టోరేజీలకు చేరతాయి. చల్లదనం తప్పితే కాయ రంగు పోతుంది, రంగు పోతే ధర పోతుంది. కాబట్టి ప్లాంటు చూసుకునే మనిషి అక్కడ తప్పనిసరి. ఏసీ ట్రేడు ఎంచుకునేవాళ్లకు ఇదొక బలమైన కారణం.

చిక్కేమిటంటే ఐటీఐలో ఎక్కువగా నేర్పేది ఫ్రిజ్, స్ప్లిట్ ఏసీ: రాగి గొట్టం, ఫ్లేర్ నట్టు, ఆర్-32 గ్యాసు. కోల్డ్ స్టోరేజీలో నడిచేది అమ్మోనియా. అది రాగిని తినేస్తుంది, అందుకే అక్కడ ఇనప గొట్టాలూ వెల్డింగూ. కంప్రెసర్ ఆయిల్ అమ్మోనియాలో కలవదు, బరువుకు అడుక్కి దిగుతుంది. క్రమం తప్పకుండా డ్రెయిన్ చేయకపోతే కాయిల్ లోపల పొర కట్టి చలి పడిపోతుంది. కంప్రెసర్ మాత్రం ఆగకుండా తిరుగుతుంటుంది, కరెంటు బిల్లు ఎక్కుతుంటుంది. లీకు అనుమానం వస్తే గంధకం పుల్ల వెలిగించి జాయింట్ల వెంబడి తిప్పాలి, కారుతున్నచోట తెల్లటి పొగ చిక్కగా లేస్తుంది. ఇవన్నీ పుస్తకంలో నాలుగు ముక్కలే, ప్లాంటులో అప్రెంటిస్ చేస్తేనే చేతికొస్తాయి. ఏ ట్రేడన్నది ఎంత ముఖ్యమో, అప్రెంటిస్ ఎక్కడన్నదీ అంతే ముఖ్యం.

స్ప్లిట్ ఏసీ బిగించేటప్పుడు కుర్రాళ్లు చేసే తప్పు ఒకటుంది. వాక్యూమ్ పంపు పెట్టకుండా, కొంచెం గ్యాసు వదిలి గొట్టంలో గాలిని బయటికి తోసేస్తారు. లోపల తడి మిగిలి ఆయిల్ పాడవుతుంది, కొన్నాళ్లకు కంప్రెసర్ పోతుంది. పైగా ఆర్-32 మండే గ్యాసు. వాక్యూమ్ పంపుతో లోపలి ఒత్తిడిని 500 మైక్రాన్లకు (వాక్యూమ్ కొలత) దించి, పంపు ఆపాక గేజు పైకి ఎగబాకకుండా నిలబడిందని చూశాకే వాల్వు తెరవాలి.

ఆటోనగర్_డీజిల్
షెడ్లో మెకానిక్ దగ్గర పెడితే పని రాదా, ఐటీఐ దేనికని ఆటోనగర్లో అడుగుతుంటారు. 2020 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లన్నీ బీఎస్-6, అంటే పొగ కాలుష్యం తగ్గించే నిబంధనకు తగ్గట్టు చేసినవి. పాత ఇన్‌లైన్ పంపు బండ్లలో నాజిల్ సుమారు 200 బార్ దగ్గర తెరుచుకునేది. ఇంజన్ నడుస్తుండగా ఒక్కో పైపు నట్టు వదులు చేసి, ఏ సిలిండర్ కొట్టడం లేదో చెవితోనే పట్టేసేవాళ్లు. ఇప్పటి బండ్లలో ఉండే కామన్ రైల్‌లో (అన్ని సిలిండర్లకూ ఒకే గొట్టంలోంచి డీజిల్ అందే పద్ధతి) ఒత్తిడి 1600 బార్ దాకా, ఒక్కోసారి ఆపైకి పోతుంది. అక్కడ అదే అలవాటుతో నట్టు తిప్పితే డీజిల్ సూదిలా చర్మంలోకి దూరుతుంది. పైకి చిన్న చుక్కే కనిపిస్తుంది, లోపల కండ చెడిపోయి వేలు తీసేయాల్సి రావచ్చు. నొప్పి లేదని ఇంటికి పోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. సెన్సర్ వోల్టేజీ కొలవడం, స్కానర్లో కోడు చదవడం, యాడ్‌బ్లూ (పొగను శుభ్రం చేయడానికి పోసే యూరియా ద్రావణం) తెల్లగా గడ్డకట్టి డోసింగ్ ఆగిందని గుర్తుపట్టడం పాఠం లేకుండా వచ్చే పనులు కావు. డీజిల్ మెకానిక్ ఏడాది కోర్సు. చేర్చే ముందు అక్కడ కామన్ రైల్ ఇంజన్, స్కానర్ ఉన్నాయో లేదో అడగండి.

నల్లపాడు_బడి
చాలా ఉపయోగంగా ఉందండీ. ప్రైవేటు ఐటీఐ మంచిదో కాదో తల్లిదండ్రులకు ఎలా తెలుస్తుంది? ఇంటర్ ఒకేషనల్ సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

బెంచ్_వైస్
ఆఫీసు గదిలో కూర్చోకుండా నేరుగా వర్క్‌షాప్‌లోకి వెళ్లమనండి. ఫిట్టర్ యూనిట్‌కు 20 మంది, అక్కడ వైసులు (ఇనప ముక్కను బిగించి పట్టుకునే పరికరాలు) ఎన్నున్నాయో లెక్కపెట్టాలి. దవడల పళ్లు అరిగి, కింద ఇనప రజను రాలి ఉంటే పని జరుగుతున్నట్టు. రంగు చెదరని వైసు, దుమ్ము పట్టిన లేత్ కనిపిస్తే వెనక్కి వచ్చేయొచ్చు.

మొదటి ఏడాది పిల్లలు ఆకురాయితో చదును చేసిన ఇనప ముక్క ఒకటి చూపించమనాలి. దానిమీద ట్రై స్క్వేర్ (మూలమట్టం) బ్లేడు ఆనించి వెలుతురుకు ఎత్తి చూడండి. సందులోంచి వెలుతురు రాకపోతే చెయ్యి కుదిరింది. రెండు చివర్లా వెలుతురు కనిపించి మధ్యలో ఉబ్బుగా ఉంటే ఆకురాయి ఊగుతోందన్నమాట, పక్కన నిలబడి దిద్దేవాళ్లు లేరన్నమాట.

గుర్తింపు ట్రేడు వారీగా, యూనిట్ వారీగా ఉంటుంది. సంస్థకు ఉన్నంత మాత్రాన అందులోని ప్రతి ట్రేడుకూ ఉన్నట్టు కాదు, ఐటీఐల గుర్తింపు వివరాలుండే ప్రభుత్వ పోర్టల్లో ఆ ట్రేడు పేరు చూడాలి. చేరాక పేరు, పుట్టిన తేదీ పది మెమోలో ఉన్నట్టే ఎక్కించారో లేదో అక్షరం అక్షరం పోల్చుకోండి. పరీక్షకు వస్తే చాలు, రోజూ రానక్కర్లేదు అనే చోట మాత్రం చేర్చొద్దు. నిబంధన ప్రకారం 80 శాతం హాజరు ఉండాలి, ప్రాక్టికల్స్‌లో పాసవడానికి 60 శాతం రావాలి.

బ్రిడ్జ్_కోర్సు
ఒకేషనల్ ఇంటర్ గురించి ఒక్క మాట. కోర్సు పాసైతే ఇంటర్ పాసైనట్టే. కానీ తర్వాత ఇంజనీరింగో సైన్సు డిగ్రీయో చదవాలంటే లెక్కలు, ఫిజిక్స్ లాంటి సబ్జెక్టులకు బ్రిడ్జ్ కోర్సు పేపర్లు అదనంగా రాయాలి. ఈ సంగతి చాలామందికి రెండో ఏడాది చివర్లో తెలుస్తోంది. చేరే రోజే ప్రిన్సిపల్ గారిని అడగండి, బ్రిడ్జ్ కోర్సుకు క్లాసులు జరుగుతాయా, లేక ఫీజు కట్టించుకుని వదిలేస్తారా అని.