పెన్సిల్ బొమ్మలో నలుపు మెరుస్తోంది, ఏం చేయాలి?

సీసపుమొన:
మూడు వారాలుగా ఒకే బొమ్మ మీద కూర్చున్నాను. ఓ ముసలావిడ ముఖం, కళ్లుండాల్సిన చోట రెండు గుంతలు, ఒకదాంట్లోంచి రెక్కలు విప్పుకుంటూ బయటికొస్తున్న చిమ్మట. ముడతలు కుదిరాయి, రెక్కల మీది పొడి కూడా కుదిరింది. గుంతల దగ్గరే చిక్కు. 8బి పెన్సిల్‌తో (బాగా మెత్తటి, ముదురు రకం) ఎంత నొక్కి రుద్దినా నలుపు రావట్లేదు. పైగా లైటు కింద పెడితే స్టీలు గిన్నెలా తళతళలాడుతోంది. భయపెట్టాల్సిన చోట మెరుపేంటండీ! ఫొటో తీస్తే ఇంకా ఘోరం, అంతా బూడిద రంగే.

మసిబొగ్గు:
చార్‌కోల్ వాడండి. అంతే.

పాతకాగితం:
అనడం సులువే, కానీ ఇప్పుడు ఆ గుంతల మీద చార్‌కోల్ సరిగా పట్టదు, జారిపోతుంది. గట్టిగా నొక్కేసరికి కాగితం గరుకంతా అణిగిపోయింది. పెన్సిల్ ములికిలోని గ్రాఫైట్ రేకులు కూడా దాని మీద చదునుగా పడుకుని వెలుగును వెనక్కి కొడుతున్నాయి. ఇంకా మెత్తటి 9బి కొన్నా ఇదే గోల. నేనూ ఒకసారి కాగితం చిల్లు పడేదాకా రుద్దాను. వెనక నల్లకాగితం అంటించి, కావాలనే చేశానని అందరికీ చెప్పుకున్నాను.

నీడెడ్ ఎరేజర్‌తో (పిండిముద్దలా పిసికే మెత్తటి రబ్బరు) అద్ది అద్ది ఎత్తండి, రుద్దకండి. తర్వాత కార్బన్ పెన్సిల్ (మెరవని నలుపునిచ్చే రకం) సన్నగా చెక్కి, చేతి బరువు తప్ప ఇంకేం మోపకుండా ఒక వైపుకి గీతలు, వాటి మీద అడ్డంగా ఇంకో వరస. పూర్తిగా కాకపోయినా కొంత పడుతుంది. పెన్సిల్ బొమ్మలు గీసే లారీ లిప్టన్ అనే చిత్రకారిణి బొమ్మల్ని దగ్గరగా చూడండి, చీకటంతా సన్నటి అల్లిక గీతలతోనే కడుతుందావిడ. ఇంకో బొమ్మకైతే నల్లటి చోట్లు ముందే తేల్చుకుని గ్రాఫైట్ తగలనివ్వకండి.

ఇంకోటి, అడక్కపోయినా చెప్తాను. రెండో గుంతలో ఏమీ గీయకండి, ఉత్త చీకటిగానే వదిలేయండి. ఫ్రెంచి చిత్రకారుడు ఒడిలాన్ రెడాన్ 1881లో బొగ్గుతో గీసిన నవ్వే సాలీడు చూశారా? కాళ్లు పది! ఒళ్లు మాత్రం ఒక నల్లటి ఉండ. ఆ ఉండలోంచి పళ్లు కనబడుతుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మసిబొగ్గు:
చివర్లో మ్యాట్ ఫిక్సేటివ్ (బొమ్మ చెరిగిపోకుండా కొట్టే, మెరుపులేని స్ప్రే) కొడితే మిగిలిన మెరుపు కొంత తగ్గుతుంది. ముందు వేరే ముక్క మీద కొట్టి చూసుకోండి.

సీసపుమొన:
రాత్రి కూర్చున్నాను. అద్దుతూ అద్దుతూ చిమ్మట ఎడమ రెక్క అంచు కూడా ఎత్తేశాను, తొందర నాదే. కానీ నాలుగో వరసకి గుంత అడుగున నలుపు పట్టింది, పక్కనుంచి చూసినా మెరవట్లేదు. రెండో గుంత అలాగే వదిలేశాను. ఇప్పుడేమో ముక్కు మరీ తెల్లగా కనబడుతోంది, కాస్త ముదురు చేయనా?

పాతకాగితం:
ముక్కు జోలికి వెళ్లకండి.