రెండు వేల నోటులో చిప్పు: జనం ఎలా నమ్మారసలు?

సర్క్యూట్ సీను:
2016 నవంబర్ 8 రాత్రి 500, 1000 నోట్లు రద్దు. ఆ వెంటనే వాట్సాప్ నిండా ఒకటే గోల. కొత్త 2000 నోటులో నానో జీపీఎస్ చిప్పు ఉందట, 120 మీటర్ల లోతున పాతినా ఉపగ్రహం పట్టేస్తుందట! టీవీల్లో కూడా వివరించి మరీ చూపించారు. జీపీఎస్ రిసీవర్ సిగ్నల్ అందుకుంటుందే తప్ప తన జాడ ఉపగ్రహానికి చెప్పదు. సెల్లార్‌లోకి దిగితేనే ఫోన్లో మ్యాపు తడబడుతుంది. బుర్ర తాకట్టు పెట్టినోళ్లే నమ్ముతారు.

రాజమండ్రి మాస్టారు:
నమ్మినవాళ్లలో నేనూ ఉన్నాను సీనుగారూ. ఆ డిసెంబరులో మా అమ్మాయి పెళ్లి. పెళ్లి ఖర్చుకి బ్యాంకు నుంచి రెండున్నర లక్షలు తీసుకోవచ్చన్నారు. తీరా వెళ్తే, వంటాయనకి బ్యాంకు ఖాతా లేదని ఆయన చేతే రాయించుకు రమ్మన్నారు!

సర్క్యూట్ సీను:
అయ్యో. కానీ చిప్పుకి కరెంటు ఎక్కణ్నుంచి వస్తుందో చెప్పండి.

కరీంనగర్ కిట్టు:
చిప్పు లేకుంటే ఐటీ దాడుల్ల కొత్త నోట్ల కట్టలు ఎట్ల దొరికినయన్నా?

సర్క్యూట్ సీను:
ఉప్పందించేవాళ్లు ఉంటారు తమ్ముడూ. అప్పుడూ ఇలాగే, రేడియోధార్మిక సిరా వాడారని ఇంకో కథ అల్లారు.

లక్ష్మి:
2018 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకే లెక్క చెప్పింది. రద్దయిన నోట్ల విలువ 15.41 లక్షల కోట్లైతే, 15.31 లక్షల కోట్లు బ్యాంకులకి వెనక్కొచ్చాయి. 99.3 శాతం. నల్లడబ్బు దాచినోళ్లు ఎవరు దొరికారు?

సర్క్యూట్ సీను:
అది వేరే టాపిక్ అండీ.

రాజమండ్రి మాస్టారు:
అదే టాపిక్! మేం లైన్లో నిలబడ్డది పెద్దోడు కూడా దొరుకుతాడనే. చిప్పు లేదంటే మరి మా కష్టం దేనికి? లేదని రిజర్వ్ బ్యాంకు చెప్పిందంటారు. రోజుకో రూలు మార్చిన నోటి మాట ఎలా నమ్మమంటారు?

సర్క్యూట్ సీను:
వాళ్లని నమ్మరు, వాళ్లే నోటులో చిప్పు పెట్టారంటే మాత్రం నమ్ముతారు. వాట్సాప్‌లో వస్తే చాలు!

రాజమండ్రి మాస్టారు:
నేను నమ్మింది వాట్సాప్‌ని కాదు, మా బావగారిని. బుర్ర తాకట్టు అన్నారే, ఆ మాట ఆయనకే తగిలింది.

సర్క్యూట్ సీను:
మీ బావగారెవరో నాకు తెలీదు. అది అబద్ధమని తర్వాతైనా ఆయనకి చెప్పారా?

రాజమండ్రి మాస్టారు:
నాకు మోకాళ్ల నొప్పులు. నా బదులు రోజూ ఏటీఎం దగ్గర నిలబడ్డది ఆయనే. ఆయనతో వాదన పెట్టుకోమంటారా?

లక్ష్మి:
సీనుగారూ, దీనికి జవాబు చెప్పండి ముందు. కరెంటు సంగతి తర్వాత.

కరీంనగర్ కిట్టు:
2023 మేల ఆ 2000 నోటునే వాపస్ తీసుకుంటున్నమన్నరు గద. అది ఎందుకో మా గ్రూపుల ఒక మెసేజ్ వచ్చింది, దొరికితే పెడత ఆగుండ్రి.